గూటి మీద ఎండ

అమ్మను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారానికే మా పెరటి మామిడి మీద గరుడ పక్షుల జంట ఒకటి గూడు కట్టడం మొదలుపెట్టింది. 2002 డిసెంబరు నెల అది. అమ్మకు ఎడమ రొమ్ము తీసేశారు. జనవరి నుంచి మూడు వారాలకొకసారి ఆస్పత్రికి వెళ్ళి మందు ఎక్కించుకోవాలన్నారు. మొదటి విడతకే జుట్టు దువ్వెనలోకి కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. అమ్మ గోడ మీది అద్దం తీసి బీరువాలో పెట్టేసింది. వెనక వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఇక పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా అదే కుర్చీ, కళ్ళెదురుగా అదే చెట్టు.

"ఇదో చూడు పాపా, మగది పుల్ల తెచ్చింది. ఆడదానికి నచ్చలా. తీసి కింద పడేసింది" అనేది.

తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు. శనివారం పూట గరుడు కనిపిస్తే చెంపలేసుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే. అమ్మది మాత్రం అంతకంటే పెద్ద సావాసం అయిపోయింది. చూడటానికి వచ్చిన చుట్టాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళ ముఖం చూసేది కాదు. గూడు చూపించేది. "అవి గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేసరికి నా సూదులు సగం అయిపోతాయి" అని లెక్క కట్టుకుంది.

ఒకప్పుడు ఫ్రెంచి వాళ్ళు ఏలిన ఊరి శివారు మురుంగపాక్కంలో మా ఇల్లు ఏటికి దగ్గర. ముందు కొబ్బరి తోపు, వెనక పెరడు, పెరటి అవతల మడ చెట్లు, వాటి అవతల ఉప్పు నీళ్ళ ఏరు. ఎన్ని తరాల కిందటో ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా నాయన వరదరాజన్ మాటలు తక్కువ మనిషి. తోపు పని, ఇంటి పని, అమ్మకు గంజి కాయడం, అన్నీ తనే చేసుకునేవాడు. నేను ఒక్కతే బిడ్డను. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అదే ఊళ్ళో సారం పేటలో ఒక కలర్ ల్యాబులో పని చేసేదాన్ని. ఎవరెవరి పెళ్ళిళ్ళో, ఎవరెవరి ఊటీ ప్రయాణాలో కడిగి, ప్రింటు వేసి, కవర్లో పెట్టి ఇచ్చేదాన్ని. నేను మాత్రం మద్రాసు దాటి ఎక్కడికీ పోలేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికి రావాలంటే నా కాళ్ళు బరువెక్కేవి. ఇల్లంతా మందుల వాసన. అమ్మ వాంతుల చప్పుడు. అమ్మ మీద ప్రేమ లేక కాదు. ఆ వాసన లేని చోటికి ఎక్కడికైనా వెళ్ళిపోవాలని ఉండేది.

ఎలెన్ మా ల్యాబుకు వచ్చింది జనవరి మధ్యలో. యాభై దాటిన ఫ్రెంచి ఆవిడ. పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, ఎండకు కమిలి తోలులా మారిన చేతులు. ఇరవై ఏళ్ళుగా వేడి దేశాలన్నీ తిరుగుతూ పక్షుల ఫొటోలు తీస్తోంది. మడగాస్కర్ అయింది, గయానా అయింది, ఇప్పుడు ఇండియా. తీరప్రాంతపు పక్షుల మీద పుస్తకం వేస్తోందట. ఆమె వాడేది స్లైడు ఫిల్ము. దాన్ని మా దగ్గర కడగరు, మద్రాసుకు పంపాలి. ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి మా ఓనరు నన్ను పిలిచాడు, నేను కాలేజీలో ఫ్రెంచి చదివానని. మాట్లాడుతూ మాట్లాడుతూ మా పెరట్లో గరుడ గూడు ఉందని చెప్పాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టేసింది.

"ఇంటి పెరట్లోనా? చూడొచ్చా?"

మరునాడే వచ్చింది. చెప్పులు బయట విడిచి, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా వసారాలో అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ తల మీది కొంగును గానీ, కొంగు కింద ఉన్నదాన్ని గానీ చూడనట్టే ఉండి, చెట్టు వైపు చూసింది. అది అమ్మకు నచ్చింది.

"తీసుకోమను. కానీ ఒకటి చెప్పు. చెట్టును ముట్టకూడదు. కొమ్మ కాదు గదా, ఆకు కూడా తుంచకూడదు" అంది అమ్మ.

నేను చెప్పాను. ఎలెన్ నవ్వింది. "నేను పెట్టే షరతు కూడా అదేనని మీ అమ్మకు చెప్పు."

మామిడికి ఎదురుగా ఉన్న పనస చెట్టు మీద నాయన మంచె కట్టాడు. వెదురు బొంగులు, కొబ్బరి తాళ్ళు, చుట్టూ గోనె పట్టాలు. తోటలో కాపలాకు కట్టే మంచె లాంటిదే, కాకపోతే కొంచెం ఎత్తు. ఎలెన్ తెల్లారకముందే వచ్చి దాంట్లోకి ఎక్కేది. ఎక్కితే ఐదారు గంటలు కదిలేది కాదు. సెలవు రోజుల్లో నేనూ పక్కన కూర్చుని లెన్సులు అందించేదాన్ని. చూడటం ఎలాగో ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పక్షి ఎగరబోయే ముందు ఏ కాలు మీద బరువు వేస్తుందో, మబ్బు పడితే రంగు ఎంత మారుతుందో చెవిలో చెప్పినట్టు చెప్పేది. నా తిండి గురించి, నా పెళ్ళి గురించి అడగకుండా నాకేం ఇష్టమో అడిగిన మొదటి మనిషి ఆమే. నా పేరు కుదించి 'కవీ' అని పిలిచేది.

ఫిబ్రవరి మొదట్లో పిల్లలు లేచాయి. కింద నుంచి అమ్మకు కనపడవు, కీచుమనే అరుపు మాత్రం వినపడేది. మంచె మీద నుంచి కూడా సరిగా కనపడేవి కావు. గూటికి దక్షిణం వైపు చెయ్యంత లావు కొమ్మ ఒకటి గుబురుగా అడ్డం ఉండేది. ఆకుల సందుల్లో ఒక కన్నో, ఒక ముక్కో, అంతే. రోల్స్ మీద రోల్స్ అయిపోతున్నాయి, ఒక్క ఫొటో కుదరలేదు.

ఒకరోజు ల్యాబులో రోల్స్ ఇస్తూ ఎలెన్ అంది: "ఈ గూడు వదిలేస్తాను కవీ. ఆదివారంతో సరి. ఊసుటేరి చెరువులో నాకు చాలా పని ఉంది. ఏప్రిల్లో శ్రీలంక పోవాలి, రెండు నెలలు." ఆగి నా ముఖం చూసింది. "అక్కడ నాకు ఒక సహాయకురాలు కావాలి. ఈ పుస్తకానికి డబ్బు పెడుతున్న వాళ్ళు ఈ గూడు ఫొటోలు చూస్తే, నిన్ను తీసుకెళ్తానని అడగడం తేలికయ్యేది. సరేలే, చూద్దాం."

ఆ 'చూద్దాం' నా నెత్తిన పిడుగులా పడింది. శ్రీలంక. పాస్‌పోర్టు. మందుల వాసన లేని రెండు నెలలు.

ఆ సాయంత్రం నాయనే కదిపాడు. "పాపా, ఆ దక్షిణం కొమ్మ అడ్డం ఉండాది గదా. తీసేస్తే దొరసానికి బాగా కనపడుతుందేమో. పాపం, ఇన్ని దినాలుగా కూర్చోని ఉండాది. మీ అమ్మ ఒప్పుకోదు, అయినా ఒక మాట అడిగి చూడు."

మరునాడు అడిగాను. ఎలెన్ నేను మాట పూర్తి చేయకముందే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. ఎంతమాత్రం వద్దు. ఆ కొమ్మే వాటికి గొడుగు. కనపడకపోతే కనపడవు, అంతే. మీ నాన్నకు థాంక్స్ చెప్పు, వద్దని చెప్పు."

ఇంటికి వచ్చాను. నాయన తోపులో మట్టలు పోగేస్తున్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు, "ఏమన్నింది?"

"కొట్టమంది నాయనా."

నాయన నడుము నిలబెట్టి చూశాడు. "నిజంగానా? మీ అమ్మకు మాటిచ్చింది గదా ఆమె."

"ఒక్క కొమ్మే కదా, ఏమీ కాదంది."

అబద్ధం ఆడటం అంత సులభమని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మకు మందు ఎక్కించే రోజు చూసుకున్నాడు నాయన. కనగం అత్త, అంటే మా మామ భార్య, వచ్చి అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నేను ల్యాబుకు సెలవు పెట్టాను. నాయన రంపం నడుముకు కట్టుకుని మామిడెక్కాడు. కొమ్మ గూటి మీద పడకుండా దానికి తాడు కట్టి, ఆ తాడు నా చేతికి వదిలాడు. రంపం కోస్తున్నంతసేపూ రెండు పెద్ద పక్షులూ తల మీద తిరుగుతూ అరుస్తూనే ఉన్నాయి. కొమ్మ విరిగి తాడు మీదికి వచ్చినప్పుడు అరచేతులు కాలాయి. మెల్లగా దించాను. పూతంతా నా తల మీద రాలింది.

అమ్మ మధ్యాహ్నం వచ్చింది. వాంతి అయ్యి, కాసేపు పడుకుని, కొంగు సరిచేసుకుని కుర్చీలోకి వచ్చి కూర్చుంది. చెట్టు వైపు చూసింది.

"ఆడ ఎండ పడతా ఉంది" అంది.

నాయన గడప దగ్గర నిలబడి ఉన్నాడు. "దొరసాని అడిగింది తాయారూ. ఒక్క కొమ్మే."

"ఆమె అడిగితే నువ్వు కొట్టేస్తివా?"

అమ్మ ఆ పూట గంజి ముట్టలేదు. నాయన చేత్తో ఇచ్చిన మాత్రలు తీసుకోలేదు, నన్ను ఇమ్మంది.

ఎలెన్ మరునాడు వచ్చి చెట్టు కింద ఆగిపోయింది. తెల్లగా కనిపిస్తున్న కొమ్మ మొదలును చూసింది. "ఇదేమిటి?"

"గాలికి చీలింది మదామ్. గూటి మీద పడుతుందేమోనని నాన్న తీసేశాడు."

"గాలికా?" అంది. నా వైపు ఒకసారి, చెట్టు వైపు ఒకసారి చూసింది. ఆ వారమంతా ఆకు కదల్లేదు. అయినా ఆమె కెమెరా భుజానికి తగిలించుకుని మంచె ఎక్కింది. గూడు ఇప్పుడు అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తోంది. తెల్లటి నూగుతో రెండు పిల్లలు, పక్కపక్కనే నోళ్ళు తెరిచి. ఎలెన్ మూడు రోజులు తీసింది. ఆ మూడు రోజులూ ఆమె ముఖంలో ఉన్న వెలుగు నాకు బాగా గుర్తు. నా ముఖంలోనూ ఉండి ఉంటుంది.

మంచె మీద మనుషులున్నంతసేపూ తల్లిపక్షి గూటికి దూరంగా కొబ్బరి మీద కూర్చునేది. మేం దిగాకే పిల్లల మీదికి వచ్చి రెక్కలు పరిచేది. కొమ్మ ఉన్న రోజుల్లోనూ అంతే. కానీ అప్పుడు నీడ ఉండేది.

నాలుగో రోజు తెల్లారుతూనే ఎలెన్ మంచె ఎక్కడానికి వచ్చేసరికి అమ్మ వసారాలో లేదు. మామిడి కింద నిలబడి ఉంది. ఆపరేషనయ్యాక అమ్మ పెరట్లోకి దిగడం అదే మొదలు. ఆమె కాళ్ళ దగ్గర ఒక పిల్ల పడి ఉంది. మెడ వాలిపోయి, నూగు అంతా చీమలు పట్టి. పెద్ద పక్షే చచ్చినదాన్ని గూటిలోంచి తోసేసిందో, అదే ముందురోజు వేడికి తాళలేక అంచుకు జరిగి పడిందో మాకు తెలియదు.

అమ్మ ఎలెన్‌ను చూసింది. అంత నీరసంలో ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో.

"నా ఇంటికొచ్చి, నా పక్కన కూర్చోని, ముట్టనని చెప్పితివే! కొమ్మ కొట్టమని చెప్పేదానికి నీకు నోరెట్లా వచ్చింది? నీకు పిలకాయలు లేరా? పటం కోసం పచ్చి బిడ్డను ఎండలో పెడతావా? పో! నా వాకిట్లోకి రావద్దు నువ్వు. చెప్పు పాపా, ప్రతి మాటా చెప్పు ఆమెకు."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మకు ఒంట్లో బాగాలేదు. పిల్ల చనిపోయిందని చాలా బాధపడుతోంది. కొన్నాళ్ళు రావద్దంటోంది" అన్నాను ఫ్రెంచిలో.

"ఆమె చాలా మాటలు అంది. నువ్వు ఇన్నే చెప్పావు."

నేను నేల చూశాను. ఎలెన్ అమ్మకు రెండు చేతులూ జోడించి, తన సంచులు తానే మోసుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు "ఆమెకు నేను క్షమించమన్నానని చెప్పు" అంది. అమ్మ "ఏమంటుంది?" అని అడిగితే, "పోతానంటుంది" అన్నాను.

స్లైడ్లు మద్రాసు నుంచి వచ్చేసరికి ఐదు రోజులు పట్టింది. ఎలెన్ ల్యాబుకు వచ్చి, లైట్ బాక్సు మీద వరుసగా పరిచి, కంటికి చిన్న భూతద్దం పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. నన్నూ చూడమంది. నేను అంత అందమైన ఫొటో అప్పటిదాకా చూడలేదు. నూగు మీద బంగారు వెలుగు, నల్లటి కళ్ళు, ఎర్రగా తెరుచుకున్న రెండు నోళ్ళు.

"తిండికి ఎంత ఆత్రంగా నోరు తెరిచాయో!" అన్నాను.

"తిండికి కాదు" అంది ఎలెన్, నెమ్మదిగా. "తల్లి దగ్గర లేనప్పుడు తిండి అడగవు. చూడు, నాలుక ఎలా వేలాడుతోందో. రొప్పుతున్నాయి. ఎండకు. ప్రతి ఫొటోలోనూ రొప్పుతున్నాయి. మూడు రోజులు నేను దాన్నే తీశాను."

తరువాత ఇంకో స్లైడు నా ముందుకు జరిపింది. ఒక మూలగా కొమ్మ మొదలు పడింది దాంట్లో. రంపపు గీతలు కూడా తెలుస్తున్నాయి. "ఇది చీలిన కొమ్మ కాదు, కవీ" అంది. స్లైడ్లు పెట్టెలో సర్దుకుంది.

నేనేదో చెప్పబోతుండగానే ల్యాబు ఫోను మోగింది. కనగం అత్త. "మీ నాయన చెట్టు మీంచి పడినాడు. బిరీన రా."

ఆ పొద్దు నాయన ఎవరికీ చెప్పకుండా కొబ్బరి మట్టలతో ఒక తడిక అల్లాడట. మిగిలిన పిల్లకు నీడ కట్టాలని మామిడెక్కాడు. తడిక కట్టాడు కూడా. దిగేటప్పుడు పెద్ద పక్షి ముఖం మీదికి దూకితే చెయ్యి అడ్డం పెట్టుకోబోయి కాలు జారింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. అమ్మ కేకలు విని పక్క తోపులో వాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆస్పత్రికి చేర్చారు.

రెండు రోజుల తరువాత కాలికి కట్టుతో నాయన్ను ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేశాం. అమ్మ కుర్చీ పక్కనే. అమ్మ చేత్తో నాయనకు గంజి పోసింది. పోస్తూనే తిడుతోంది, "ఆ వెళ్ళక్కారి దొరసాని మాట విని కొమ్మ కొట్టకపోయుంటే ఈ గతి నీకు ఎందుకు పట్టేది?" అని. నాయన తాగుతున్నాడు. చెట్టు మీద తడిక కింద నుంచి ఒక్క పిల్ల అరుపు వినబడుతోంది.

"ఆమె కొట్టమనలేదు" అన్నాను.

ఇద్దరూ తల తిప్పారు.

"వద్దనే చెప్పింది. నాయనతో నేనే అబద్ధం చెప్పినాను. ఫొటో బాగా వస్తే నన్ను శ్రీలంకకు తీసుకుపోతుందని."

అమ్మ గిన్నె కింద పెట్టింది. నాయన చాలాసేపు తన కట్టు వైపే చూశాడు. తరువాత అన్నాడు, "ఆ పొద్దు నిజంగానా అని అడిగితినే నిన్ను." అంతే. ఇక ఆ విషయం మా నాయన బతికున్నంతకాలం నా దగ్గర ఎత్తలేదు. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

అమ్మ అడిగింది వేరే. "నేను ఆమెను అన్ని మాటలు అంటినే. అవన్నీ ఆమెకు చెప్పినావా?"

"లేదమ్మా."

"మరి ఏం చెప్పినావు?"

చెప్పాను. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున నేను ల్యాబుకు బయలుదేరుతుంటే అమ్మ పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నా చేత ఆటో పిలిపించింది. "ఆమె ఉండే తావు చూపించు" అంది.

సముద్రానికి దగ్గరగా పాత ఫ్రెంచి వీధుల్లో ఒక గెస్ట్ హౌసులో ఉంటోంది ఎలెన్. మేం వెళ్ళేసరికి పెట్టెలు సర్దుకుంటోంది. అమ్మను చూసి గబగబా కుర్చీ మీది బట్టలు తీసింది. అమ్మ కూర్చోలేదు. పైన ఫ్యాను గాలికి తల మీది కొంగు జారిపోయింది. ఎన్నడూ ఒక్క క్షణం జారనివ్వని మనిషి, ఆ రోజు దాన్ని సర్దుకోలేదు.

"నేను చెప్పింది చెప్పినట్టే చెప్పు. ఒక్క మాట తగ్గకూడదు" అంది నాతో. తరువాత ఎలెన్ వైపు తిరిగింది. "నా వాకిట్లో నిన్ను తిట్టినాను. పిలకాయలు లేరా అన్నాను. పచ్చి బిడ్డను ఎండలో పెట్టినావన్నాను. అవి నీకు అనవలసిన మాటలు కావు. తప్పు నాది."

నేను చెప్పాను. ఎలెన్ అమ్మనే చూస్తూ వింది.

"మా బిడ్డ నీకూ అబద్ధం చెప్పింది, మాకూ అబద్ధం చెప్పింది. నువ్వు వద్దన్న కొమ్మను నువ్వే కొట్టమన్నావని చెప్పింది." అమ్మ ఆగింది. "చెప్పు."

'ఆమె కూతురు' అని మొదలుపెట్టాను. కుదరలేదు. "నేను మీకు అబద్ధం చెప్పాను. వాళ్ళకూ అబద్ధం చెప్పాను" అన్నాను. కాలేజీలో అన్నేళ్ళు చదివిన భాషలో అంత తేలికైన వాక్యం చెప్పడానికి నాకు అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఎలెన్ మంచం అంచు మీద కూర్చుంది. మాట్లాడటం మొదలుపెట్టింది. నేను అమ్మకు చెబుతూ పోయాను, ఒక్కొక్క వాక్యం. "గాలి లేదని ఆమెకు తెలుసంటమ్మా. తెలిసి కూడా మంచె ఎక్కిందంట. అంత వెలుతురు చూసి అడగాలనిపించలేదంట. కొమ్మ నేను కొట్టించినా, ఆ మూడు దినాలు తల్లిని గూటికి రానీకుండా కూర్చున్నది తనేనంట." తరువాతి వాక్యం దగ్గర నేను ఆగాను. అమ్మ ఎదురుచూసింది. "నన్ను శ్రీలంకకు తీసుకుపోలేనంటుంది. అడవిలో పక్కనుండే మనిషి మాట నమ్మగలగాలంట."

"న్యాయమే" అంది అమ్మ.

ఎలెన్ స్లైడ్ల పెట్టె తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. వీటిని అచ్చు వేయను, మీవే, ఉంచుకోండి అంది. అమ్మ ఒక స్లైడు తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇన్నాళ్ళూ అరుపులు మాత్రమే విన్న పిల్లల్ని ప్రాణంతో అప్పుడే చూడటం. ఒక కన్ను మూసి, మెడ వెనక్కి వంచి, చాలాసేపు చూసింది. బోడి తల మీద కిటికీ ఎండ పడుతోంది. తరువాత స్లైడును పెట్టెలో పెట్టి, పెట్టె తిరిగి ఇచ్చేసింది.

"దాచిపెట్టుకోని నేనేం చేసుకోను. పుస్తకంలో వేయమను. వేసి, కొమ్మ కొట్టి తీసిన పటం అని కింద రాయమను. ఒకటి చచ్చిపోయిందని కూడా రాయమను. ఎవరి పేరూ వద్దు."

నేను చెప్పాను. ఎలెన్ నోటు పుస్తకం తీసి రాసుకుంది. రాసింది చదివి వినిపించింది. నేను దాన్ని తెలుగులో అమ్మకు చెప్పాను. అమ్మ తల ఊపింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ అంది, "ఈ పొద్దు సరిగా చెప్పినావు."

"నీకు ఫ్రెంచి రాదు గదమ్మా, నీకెట్లా తెలుసు?"

"నేను మాట్లాడేటప్పుడంతా ఆమె నన్నే చూస్తా ఉన్నింది. ఆ ఒక్క మాటకు మాత్రం తిరిగి నిన్ను చూసింది."

ఆ తరువాత మా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటలు లేవు. అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతవరకే. ఎలెన్ శ్రీలంకకు ఒక్కతే పోయింది. రెండేళ్ళకు పుస్తకం పోస్టులో వచ్చింది. ఆ ఫొటో ఉంది, కింద ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. నా జీవితంలో తరువాత చాలా ఫొటోలు తీశాను, కొన్నింటికి నా పేరు కూడా పడింది. గూళ్ళ జోలికి మాత్రం పోలేదు.

అయితే గూడున్న ఆ ఏడాది ఏప్రిల్ సంగతి ఒకటుంది. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ల్యాబులో ఫోను మోగితే ఓనరు నన్ను పిలిచాడు. అమ్మ. పక్కింటికి నడిచి వెళ్ళి అక్కడి నుంచి చేస్తోంది. అమ్మ నాకు ల్యాబుకు ఫోను చేయడం అదే మొదటిసారి. నాయనకేమైనా అయిందేమో అనుకున్నాను.

"ఏమైందమ్మా?"

"ఎగిరిపోయింది" అంది.

"యాడికి?"

"ఏటి మీదికి. తడిక మీద కాసేపు కూర్చోని, దూకింది. ముందు కింద పడతాదనుకొంటి. పడలా." అమ్మ ఆయాసపడుతోంది, నడిచి వచ్చినందుకు. "మీ నాయన కూడా చూసినాడు. నువ్వు లేవే అనుకున్యాము."

ఫోను పెట్టేసింది.